సర్దార్ ముందు, మా బండ్లు వెనక

ఆఫీసులో ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే "జైపూర్" అంటాను. "ఓహ్, పింక్ సిటీ!" అంటారు. పింక్ కాదండీ, మాది నలుపు. మంచిర్యాల జిల్లా జైపూర్. మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే 63వ నంబర్ నేషనల్ హైవే మీద ఉంటుంది. ఊరి పక్కనే పెగడపల్లిలో సింగరేణి వాళ్ల 1200 మెగావాట్ల థర్మల్ ప్లాంటు. 2016లో జాతికి అంకితం చేశారు. ఒకవైపు శ్రీరాంపూర్ బొగ్గుబాయిలు, గోదావరి దాటితే గోదావరిఖని. మా మండలంలోనే శివ్వారం దగ్గర మొసళ్ల అభయారణ్యం కూడా ఉంది. ఇన్ని ఉన్నా గూగుల్‌లో జైపూర్ అని కొడితే ముందు హవామహలే వస్తుంది. అలవాటైపోయింది.

బొగ్గు టిప్పర్లు తిరిగే చోట స్పోర్ట్స్ బైకులేంటి అని మీకు డౌట్ రావచ్చు. దసరా ముందు ఒకసారి మంచిర్యాలకో గోదావరిఖనికో వచ్చి చూడండి. సింగరేణి కార్మికులకు లాభాల వాటా పడేది ఆ రోజుల్లోనే. ఆ డబ్బు కొంత బంగారం అవుతుంది, కొంత అప్పు తీరుస్తుంది, కొంత ఇంట్లో చేతికొచ్చిన కొడుకు ఉంటే బండికి డౌన్ పేమెంట్ అవుతుంది. షోరూమ్ ముందు బాపు మొహంలో సగం గర్వం, సగం దిగులు. ఆ మొహం మా ఇంట్లోనూ చూశాను కాబట్టి చెప్తున్నా.

మా గ్యాంగ్ నలుగురం. ఒకరినొకరం పేర్లతో పిలుచుకోం, బండి పేరుతోనే. నాది యమహా ఆర్‌వన్‌ఫైవ్, 155 సీసీ. అందరికంటే చిన్న ఇంజిన్ నాదే, అందుకే నన్ను 'చోటా' అంటారు. బెంగళూరులో టెస్టింగ్ జాబ్ చేసేవాడిది సెకండ్‌హ్యాండ్ నింజా 300, రెండు సిలిండర్లు. స్టార్ట్ చేస్తే వీధంతా తల తిప్పి చూస్తుంది. వాడికి కావాల్సింది కూడా అదే. భీమారం వైపు పత్తి, వరి పండించే ఇంటి పిల్లాడిది డ్యూక్ 390. అది అసలు స్పోర్ట్స్ బైక్ కాదు, నేకెడ్ బైక్ అని నింజా గాడు రోజూ వాదిస్తాడు. ఆ వాదన మనకొద్దు.

నాలుగోవాడిది అపాచీ ఆర్ఆర్ 310. వాడిని మాత్రం బండి పేరుతో పిలవం. 'సర్దార్' అంటాం.

సర్దార్ నాతో పాటే బీటెక్ మెకానికల్. పాసయ్యాక ఇద్దరం అమీర్‌పేటలో ఒకే హాస్టల్ గదిలో ఉండి జావా నేర్చుకున్నాం. నాకు ఏడో ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చింది. వాడి ఇంటర్వ్యూలు నడుస్తుండగానే వాళ్ల బాపు మోకాళ్లు పోయి, మెడికల్‌గా అన్‌ఫిట్ అయ్యాడు. కారుణ్య నియామకం కింద కొడుక్కి ఉద్యోగం. పోస్టు జనరల్ మజ్దూర్. బీటెక్ చేసి మజ్దూరా అని బయటివాళ్లు అడుగుతారు. మా దగ్గర ఎవరూ అడగరు. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్లు ఉండి, ప్రతి నెలా టైముకు పడే జీతం ఎదురుగా ఉంటే ఎవరైనా అదే చేస్తారు. వాడిప్పుడు అండర్‌గ్రౌండ్ బాయిలో పనిచేస్తూ, మైనింగ్ సర్దార్ పరీక్షకు చదువుతున్నాడు. పరీక్ష ఇంకా కాలేదు, మేం మాత్రం బిరుదు ముందే ఇచ్చేశాం.

సర్దార్ అంటే ఎవరో బొగ్గు ప్రాంతం బయటివాళ్లకు చెప్పాలి. కార్మికులు పని చోటికి పోకముందే అక్కడికి పోయి చూసేవాడు. పైనున్న కప్పును కర్రతో కొట్టి చప్పుడు వింటాడు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా వినిపిస్తే లోపల పొర విడిపోయి ఉన్నట్టు, ఎప్పుడైనా ఊడిపడొచ్చు. గాలి చూస్తాడు, గ్యాస్ చూస్తాడు, చూసినట్టు అక్కడే సుద్దతో తారీఖు వేస్తాడు. ఆయన సరే అన్నాకే పని.

మా బాపు అదే బాయిల్లో 31 ఏళ్లు చేశాడు. కోల్‌ఫిల్లర్‌గా చేరి సపోర్ట్‌మన్‌గా రిటైరయ్యాడు. ఆయన వీపు మీద, మోచేతుల మీద నీలం గీతలుంటాయి. చిన్నప్పుడు పచ్చబొట్లు అనుకునేవాడిని. దెబ్బ తగిలినప్పుడు గాయంలోకి బొగ్గు పొడి పోయి, దానిమీద చర్మం మూసుకుంటే అలా నీలంగా ఉండిపోతుందట. సబ్బుకు పోదు, వయసుకు పోదు.

నేను ఆర్‌వన్‌ఫైవ్ కొన్న రోజు బాపు ఏమీ అనలేదు. నిమ్మకాయలు తెచ్చి టైర్ల కింద పెట్టాడు, అంతే. వారం తర్వాత అన్నం తింటూ అన్నాడు: "నేను భయపడుకుంట పనిచేస్తే నాకు జీతమిచ్చిండ్రు. నువ్వు భయపడనీకి నువ్వే పైసలు కడుతున్నవు."

ఈఎంఐ నెలకు ఎంతో కూడా అడిగాడు. చెప్పాను. తల ఊపి పప్పు వేసుకున్నాడు.

ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. ఆయన భయానికి లెక్క ఉంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. బొగ్గుబాయిలో అయితే సర్దార్, ఓవర్‌మన్, మేనేజర్, వాళ్లందరి మీద చట్టం ఉంటుంది. రోడ్డు మీద నలుగురు పోరగాళ్ల పైన ఎవరుంటారు? బాపు ఇంకోసారి సరిగ్గా అదే అడిగాడు. "బాయిల మాకు ముందుగాల కప్పు సూసెటోడు ఉండె. మీకెవడున్నడు?"

అయినా ఎందుకు తిరుగుతాను? పెద్ద ఫిలాసఫీ ఏం లేదు. వారానికి ఐదు రోజులు రెండు స్క్రీన్ల ముందు కూర్చుంటాను. బాత్రూమ్‌కి పోయినా ఫోన్ చేతిలోనే, ప్రొడక్షన్‌లో ఏదో ఒకటి పగిలిందని మెసేజ్ వస్తూనే ఉంటుంది. బండి మీద ఉన్నప్పుడు మాత్రం రెండు చేతులకూ, రెండు కాళ్లకూ, కళ్లకూ పని ఉంటుంది. ఎదురుగా ఉన్న వంద మీటర్ల రోడ్డు తప్ప ఇంకేం గుర్తుండదు. నాకు ధ్యానం చేతకాదు, ఇది చేతనైంది.

పోయిన కార్తీకమాసంలో ఒక ఆదివారం రైడ్ గురించి చెప్తాను. ప్లాన్ మొత్తం చుట్టు తిరిగి రావడం. జైపూర్ నుంచి చెన్నూరు, కోటపల్లి మీదుగా ప్రాణహిత దాటి మహారాష్ట్రలోని సిరోంచ. అక్కడి నుంచి గోదావరి దాటి కాళేశ్వరం. మహదేవపూర్, కాటారం, మంథని మీదుగా గోదావరిఖని, మళ్లీ ఇల్లు. రెండు నదులు, రెండు రాష్ట్రాలు, రెండు వందల కిలోమీటర్లకు కొంచెం తక్కువ.

మొదటి గొడవ టైమ్ దగ్గరే. నింజా గాడు తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరుదాం అన్నాడు. సర్దార్ ఒప్పుకోలేదు.

"శనివారం నాకు సెకండ్ షిఫ్ట్. రాత్రి పదకొండు దాటినంక బయటపడుత. ఆరు గంటలన్న పండకుంటే బండి ముట్ట."

"అరేయ్, ఏడున్నరకు ఎండొస్తదిరా, మంచులో ఫొటోలు రావు."

"రాకపోతే రాకపాయె."

ఏడున్నరకే బయల్దేరాం. మా వాకిట్లోనే బండ్లు పెట్టి చూశాం. టైర్ల గాలి ముందురోజు చల్లగా ఉన్నప్పుడే చూసుకున్నాం. చెయిన్ లూజు, బ్రేక్ లివర్, ఇండికేటర్లు. సర్దార్ తన బండి అయ్యాక మా మూడూ చూశాడు. బాపు వచ్చి పక్కన నిలబడి, నా ముందు టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. ట్యూబ్‌లెస్ టైరు బొటనవేలితో ఏం తెలుస్తుంది అని అనబోయి ఊరుకున్నా. సర్దార్ కాళ్లకేసి చూసి బాపు నవ్వాడు. బాయిలో వేసుకునే సేఫ్టీ బూట్లే వేసుకొచ్చాడు వాడు, ముందర ఇనుప టోపీ ఉండేవి.

"గేర్ పడతదా బిడ్డా దానితోని?"

"అలవాటైంది పెదబాపు. కంపెనీ ఇచ్చింది, ఊరికే ఎందుకు పోవాలె."

నాకు ఆర్మర్ ఉన్న జాకెట్, గ్లౌజులు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఆఫర్‌లో కొన్నవి. బాపు ఆ జాకెట్ మోచేయి దగ్గర గట్టి ప్యాడ్ నొక్కి చూసి, "ఇది మంచిగున్నది" అన్నాడు. బండి కొన్నప్పటి నుంచి ఆయన మెచ్చుకున్న వస్తువు అదొక్కటే.

జైపూర్ దాటగానే మంచు. ప్లాంటు వైపు చూస్తే చిమ్నీల కింది సగం కనిపిస్తోంది, పై సగం లేదు. రోడ్డు అంచులు నల్లగా ఉన్నాయి. టిప్పర్లలోంచి రాలే బొగ్గు పొడి మామూలప్పుడు దుమ్ము, మంచుకు తడిస్తే సబ్బు. సర్దార్ ముందు పోతూ ఎడమ చేయి కిందికి చూపించాడంటే, అటు వైపు పోవద్దని. మా వరుస ఎప్పుడూ ఒకటే. వాడు ముందు, తర్వాత కొంచెం పక్కకు జరిగి నేను, నా వెనక నింజా, చివర డ్యూక్. ఒకరి వెనక ఒకరు సరళరేఖలో పోతే ముందువాడు బ్రేక్ వేసినప్పుడు తప్పించుకోవడానికి చోటుండదు. అందుకే జిగ్‌జాగ్.

లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్ల కోసం ఒక ముక్క. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. కుక్క కనిపించి, మెదడుకు తెలిసి, వేళ్లు బ్రేక్ మీదికి పోయేలోపు ఒక సెకను పోయిందనుకోండి, 28 మీటర్లు పోయినట్టే. ఇంకా బ్రేక్ పడనే లేదు. 60లో అయితే 17 మీటర్లు. బండిలో ఉన్న శక్తి వేగానికి వర్గంతో పెరుగుతుంది కాబట్టి, 60లో ఉన్నదానికంటే 100లో దాదాపు రెండున్నర రెట్లకు పైనే. ఏబీఎస్ చక్రం లాక్ కాకుండా చూస్తుంది. ఫిజిక్స్‌ను మాత్రం మార్చదు. ఇదంతా ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో పదిహేను మార్కుల ప్రశ్న. రోడ్డు మీద ఒక్కటే మార్కు.

భీమారం వైపు వచ్చేసరికి రోడ్డు సగం పసుపు. వడ్లు ఆరబోశారు. కుప్పల చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి, బండ్లు ఎక్కకుండా. ఆ రాళ్లే మాలాంటి వాళ్లకు ప్రమాదం, పొద్దున మంచులో అసలు కనపడవు. ఇరవైలో పోతున్నాం. చీపురు పట్టుకున్న ఒక పెద్దావిడ "మెల్లగ పోండి బిడ్డా, గింజలు చిందుతయి" అంది. మేం పోతున్నదే సైకిల్ స్పీడ్. హెల్మెట్ల ఇంటర్‌కమ్‌లో నింజా గాడు మొదలుపెట్టాడు, రోడ్లు బండ్ల కోసం వేశారా, వడ్ల కోసం వేశారా అని. చివర్నుంచి డ్యూక్ అన్నాడు: "మా ఇంటి వడ్లు నిన్నటిదాకా ఇక్కడ్నే ఎండినయి. అమ్మి డ్యూక్ ఈఎంఐ కట్టిన." తర్వాత చెన్నూరు దాకా ఎవరూ మాట్లాడలేదు.

చెన్నూరులో ఇడ్లీ, టీ. అక్కడ గోదావరి ఉత్తర దిక్కుగా పారుతుంది, అందుకే కార్తీకంలో స్నానాలకు జనం బాగా వస్తారు. తడి బట్టల్లో చలికి వణుకుతున్న ఒకాయన నా బండి దగ్గర ఆగి, వంగిన హ్యాండిల్ చూసి, "గిట్ల వంగి కూసుంటే నడుం గుంజదా?" అన్నాడు. గుంజుతుంది. అందరూ టాప్ స్పీడ్ అడుగుతారు, నిజం అడిగినవాడు ఆయనొక్కడే.

కోటపల్లి దాటాక ఈ రైడ్‌లో అసలు ముక్క. రెండు వైపులా అడవి, మధ్యలో నల్లటి రోడ్డు, ట్రాఫిక్ దాదాపు లేదు. ఇలాంటి చోటు కోసమే హైదరాబాద్‌లో శని ఆదివారాలు జనం వందల కిలోమీటర్లు పోతారు. మాకు ఇంటి వెనకే ఉంది. నింజా గాడి ఇంజిన్ చప్పుడు మారింది, థ్రాటిల్ తిప్పడానికి చేయి దురద పెడుతోందని నాకర్థమైంది. నాకూ పెడుతోంది.

ఒక పొడుగాటి తిన్నటి రోడ్డు మొదట్లో సర్దార్ ఇండికేటర్ వేసి ఆపాడు. "ఇక్కడ్నే ఉండుండ్రి" అని చెప్పి ఒక్కడే పోయాడు. మెల్లగా, నలభైలో. చివరిదాకా పోయి, కనపడకుండా పోయి, మళ్లీ అంతే మెల్లగా వచ్చాడు. వచ్చి హెల్మెట్ వైజర్ ఎత్తాడు.

"మధ్యల కుడిపక్క ఒక బండ్లబాట కలుస్తది, అక్కడ ఎడ్లబండి ఉన్నది, పోయేదాక ఆగుదం. ఇంకొంచెం ముందట తారు లేచింది, మధ్యల నుంచి పోవద్దు, ఎడమకు. చివరకు కల్వర్టు ఉంటది, దానికి ముందే తగ్గించాలె. ఒక్కొక్కలే పోవాలె. ఒకడు చేరి చెయ్యి ఊపినంకనే ఇంకొకడు."

ఎడ్లబండి పోయింది. మేం ఒక్కొక్కళ్లం పోయాం. నా వంతు వచ్చినప్పుడు ట్యాంకు మీద గడ్డం ఆనించి, మోచేతులు లోపలికి తెచ్చి, గేర్లు మార్చుకుంటూ పోయాను. గాలి చప్పుడు ఒక హద్దు దాటాక వినపడటం మానేస్తుంది. చెట్లన్నీ కలిసి రెండు ఆకుపచ్చ గోడలవుతాయి. అంతా కలిపి ఒక నిమిషం కూడా లేదు. మీటర్ ఎంత చూపించిందో ఇక్కడ రాయను, బాపు ఫోన్‌లో ఈ పేజీ చదువుతాడు. కల్వర్టు ముందు ఆపి దిగితే మోకాళ్లు కొంచెం వణికాయి, నవ్వు ఆగలేదు. వెనక నుంచి చెయ్యి ఊపితే నింజా మొదలైంది. వాడి కేక ఇంజిన్ కంటే ముందే వినిపించింది.

ఒకే రోడ్డు మీద ముగ్గురం ముగ్గురిలా ఆనందపడ్డాం. సర్దార్ మాత్రం తన వంతు వచ్చినప్పుడు కూడా డెబ్బైలోనే వచ్చాడు. "నువ్వు ఎందుకు కొన్నవురా 310?" అని డ్యూక్ అడిగాడు. వాడు బండి వైపు చూసి, "మంచిగున్నది గదా సూడనీకి" అన్నాడు.

ఆ దారిలో ఇంకో సంగతి. హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంలో మీరు డైనోసార్ ఎముకల గూడు చూసే ఉంటారు, స్కూల్ ఎక్స్‌కర్షన్‌లో అందరూ దాని ముందే ఫొటో దిగుతారు. కోటాసారస్ యామనపల్లియెన్సిస్. ఆ యామనపల్లి పాత ఆదిలాబాద్ జిల్లాలో మా వైపుదే. ప్రాణహిత ఒడ్డున ఉన్న ఈ రాళ్లలో జురాసిక్ కాలంవి ఉన్నాయి. మేం లేటెస్ట్ మోడళ్ల గురించి వాదించుకుంటూ పోయేది వాటి మీదుగానే.

అర్జునగుట్ట దగ్గర ప్రాణహిత వంతెన ఎక్కాం. మా చిన్నప్పుడు ఇటువాళ్లు అటు పోవాలంటే పడవలే. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు ఈ ఒడ్డంతా జనమే. ఆ రోజు మాత్రం ఇసుక మేటల మీద కొంగలు, నడుమ సన్నగా నీళ్లు. వంతెన దిగితే సిరోంచ. బోర్డులు మరాఠీలో, మాటలు తెలుగులో. పోలీసులు ఆపి కాగితాలు అడిగారు. లైసెన్సులు, ఇన్సూరెన్సులు అన్నీ చూసి, ఒక కానిస్టేబుల్ మెల్లగా నింజా దగ్గరికి వచ్చాడు. ఆ ప్రశ్న ఏ రాష్ట్రంలోనైనా ఒకటే అని మాకు తెలుసు. "టాప్ ఎంత పోతది?"

గోదావరి మీది వంతెన దాటి కాళేశ్వరం చేరేసరికి మధ్యాహ్నం. 2016 ఆఖరులో మొదలైన ఈ వంతెన వల్లే మా చుట్టు సాధ్యమైంది. కార్తీకం కదా, గుడి కిటకిట. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు. అంటే యముడు, శివుడు పక్కపక్కనే. రైడర్లకు ఇంతకంటే సరైన గుడి దొరకదని నింజా గాడి జోకు. కొబ్బరికాయలమ్మే ఆమె దగ్గర హెల్మెట్లు పెట్టి దండం పెట్టుకొని వచ్చాం. మేడిగడ్డ బ్యారేజీ వైపు పోదామా వద్దా అని కాసేపు తర్జనభర్జన పడి, టైమ్ లేదని వదిలేశాం. పులిహోర తిన్నాం.

మహదేవపూర్ దాటాక కాటారం వైపు అడవి రోడ్డు. తిన్న కడుపు, వెచ్చటి ఎండ, అలసట. రైడ్‌లో నిద్ర తూగే టైమ్ అదే. సర్దార్ ముందున్నాడు. మాది అరవై కూడా లేదు. నింజా గాడు ఇంటర్‌కమ్‌లో "ఒక్కసారి నన్ను ముందు పోనీయిరా, ఇట్ల పోతే నిద్రొస్తుంది" అన్నాడు. సర్దార్ ఏం మాట్లాడలేదు. కొద్దిసేపటికి వాడి బ్రేక్ లైటు వెలిగింది. ఎడమ చేయి పైకెత్తి, పిడికిలి బిగించాడు. ఆగమని.

ఎదురుగా ఏమీ లేదు. తారు రోడ్డు, ముందర కుడివైపు మలుపు. పక్షుల చప్పుడు.

"ఏందిరా?"

వాడు రోడ్డు మీదికి వేలు చూపించాడు. తారు మీద సన్నటి తడి గీత. చుక్కలు చుక్కలుగా, మా లేన్‌లోనే, మలుపు దాకా. మా ముగ్గురి కళ్లకూ అది కనిపించింది, అయినా కనిపించలేదు.

"ఇసుక లారీ. తడి ఇసుక నింపుకొని పోతే నీళ్లు కారుకుంట పోతయి. గీత ఇంక ఆరలే, అంటే ఇప్పుడే పోయింది. ఇంత ఎండల ఇంత మందం ఉన్నదంటే మెల్లగ పోతున్నది, లేకపోతే ఆగింది. మలుపుల ఇసుక రాలి ఉంటది."

ఫస్ట్ గేర్‌లో, రెండు కాళ్లు కిందికి దగ్గరగా పెట్టుకొని మలుపు తిరిగాం. ముందు ఇసుక. మలుపు లోపలి అంచున, సరిగ్గా బండి వాలే చోట, పిడికెడు పిడికెడుగా. తర్వాత రోడ్డు మీద విరిచిన కొమ్మలు. తర్వాత లారీ. వెనక టైరు పగిలి, మా లేన్ మొత్తం నిండా నిలబడి ఉంది. క్లీనర్ కుర్రాడు ఇంకో కొమ్మ విరుచుకొని వస్తున్నాడు. మమ్మల్ని చూసి, "ఇప్పుడే పగిలిందన్నా, ఇంకా దూరం పెడదామని పోతున్న" అన్నాడు.

అరవైలో వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ అనలేదు. లెక్క నాకు వచ్చు. మలుపు నుంచి లారీకి ఉన్న దూరం అడుగులతో కొలిచి చూద్దామనిపించింది, చూడలేదు. డ్యూక్ బండి స్టాండ్ వేసి పోయి, ఆ కుర్రాడితో కలిసి మలుపుకు ఇవతల కొమ్మలు పెట్టాడు. సర్దార్ తన బండిని మలుపు ముందు రోడ్డు పక్కన ఆపి, హజార్డ్ లైట్లు వేసి, వచ్చే బండ్లకు చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. టైరు మార్చేదాకా, నలభై నిమిషాలు. నింజా గాడు కాలితో రోడ్డు మీది ఇసుకను పక్కకు నెడుతూనే ఉన్నాడు. ఎవరూ చెప్పలేదు వాడికి.

కాటారంలో టీ తాగుతుంటే వాడే అడిగాడు. "ఎట్ల సూసినవురా అది?"

సర్దార్ గ్లాసు ఊదుకుంటూ అన్నాడు: "బాయిల లైటు టోపీ మీద ఎంత పడితే అంతే కనపడతది. ఉన్నకాడికే మంచిగ సూడాలె. నేను చేరిన కొత్తల మా సర్దార్ నన్ను రోజూ ఒకటే అడుగుతుండె, నిన్నటికి ఈరోజుకు ఇక్కడ ఏం మారిందో చెప్పు అని. మొదట్ల ఏం తెలుస్తలేకుండె. నీళ్ల చుక్క ఒకటి కొత్తగ కారినా చెప్పాలె. అట్ల అలవాటైంది."

"మరి భయం కాదారా, రోజూ దిగాలంటే?"

"అయితది. అందుకే గదా సూసేది."

నాకు బాపు మాట గుర్తొచ్చింది. జీతానికి భయపడేవాడు ఆదివారం మాతో వచ్చి డెబ్బైలో పోతున్నాడు. ఏసీ గదిలో కూర్చునేవాళ్లం మాకు మాత్రం భయం కొనుక్కోవాలని ఉంటుంది. బాపు దిగింది నేను దిగొద్దని. ఆ ముప్పై ఒక్క ఏళ్లు పెట్టి ఆయన నాకు కొనిపెట్టిన భద్రతను, నేను నెలకోసారి ఆదివారం పూట రోడ్డు మీదికి తెస్తున్నాను. అయినా బండి అమ్మాలని లేదు. ఆ కల్వర్టు ముందు వచ్చిన నవ్వు అబద్ధం కాదు. ఈ రెండూ నిజమే, ఒకదానితో ఒకటి కొట్టేసి జవాబు తేల్చడం నాకు చేతకావడం లేదు.

మంథని త్వరగా దాటేశాం. పీవీ నరసింహారావు ఎమ్మెల్యేగా గెలిచిన నియోజకవర్గం, వేదపండితుల ఊరు, ఇంకోరోజు తీరిగ్గా చూడాల్సిన చోటు. రామగిరి గుట్టలు ఎండలో ఎర్రగా ఉన్నాయి. సెంటినరీ కాలనీ దగ్గర నుంచి మళ్లీ మా లోకం మొదలైంది. ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు, కన్వేయర్లు, షిఫ్ట్ బస్సులు, నల్లటి రోడ్డు అంచులు. గోదావరిఖని ట్రాఫిక్‌లో మా బండ్ల ఫ్యాన్లు గోల పెట్టాయి. గోదావరి వంతెన మీద పొద్దు గుంకింది. నీళ్లల్లో దీపాలు వదులుతున్నారు. నింజా గాడు ఫొటో కోసం ఆపమంటాడేమో అనుకున్నా, అడగలేదు.

ఇందారం ఎక్స్‌రోడ్డు దగ్గర విడిపోయాం. సర్దార్ శ్రీరాంపూర్ కాలనీకి ఎడమ, మేం కుడి. ఇంటికి చేరగానే గ్రూప్‌లో 'చేరిన' అని పెట్టాలి, అది వాడు పెట్టిన రూలే. బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి, వాడు షిఫ్టుకు ముందు 'దిగుతున్న' అనీ, అయ్యాక 'ఎక్కిన' అనీ మా గ్రూప్‌లో పెడతాడు. వాళ్లమ్మకు వాట్సాప్ రాదు, చెల్లెలు చూసి చెప్తుంది. చాలాకాలం మేం అవి చూసి వదిలేసేవాళ్లం.

బాపు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. బండి ఆపగానే లేచి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. టైర్లకు అంటిన ఇసుకను వేలితో గీకి, "ఇదెక్కడిది?" అన్నాడు. చెప్పాను, మలుపు, తడి గీత, లారీ, అంతా. ఏదీ దాచలేదు. ఆయన చాలాసేపు ఏం అనలేదు. తర్వాత, "ఆ పిలగాడు పరీక్ష ఎప్పుడు రాస్తడంట?" అని అడిగాడు. తారీఖు ఇంకా తెలియదన్నాను. "నా దగ్గర పాత పుస్తకాలున్నయి, రమ్మను," అన్నాడు.

సోమవారం పొద్దున ఆరూ నలభైకి గ్రూప్‌లో 'దిగుతున్న' అని వచ్చింది. సాయంత్రం నాలుగు దగ్గర పడుతుండగా, నేను రివ్యూ మీటింగ్‌లో మ్యూట్‌లో ఉండగా, ఫోన్ వెలిగింది.

'ఎక్కిన. వచ్చే ఆదివారం నాకు ప్లే డే పడ్డది, రాను. మీరు ముగ్గురే పోకుండ్రి.'

కింద నింజా గాడి రిప్లై: 'సరే సర్దార్. పైవారం సూద్దాం.'